స్కోర్‌షీట్‌లో కనిపించని తొమ్మిదో నంబరు

పిల్లకాయలకు,

మొన్న ఆదివారం నెల్లూరులో బాస్కెట్‌బాల్ మ్యాచ్ గెలిచి కావలికి తిరిగొచ్చేటప్పుడు రైల్లో బిట్రగుంట దాటేదాకా ఒకటే గోల, పాటలు, ఎవరి ఫోన్లో చూసినా కెప్టెన్ ఫోటో, దాని కింద 22 పాయింట్లని రాసి స్టేటస్‌లు. ఆ పిల్ల బాగా ఆడింది, అందులో రెండో మాట లేదు. కానీ మన తొమ్మిదో నంబరు ఒక్కతే కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. ఏమ్మా అని అడిగితే "నేనేం చేశాను తాతయ్యా, ఒక్క పాయింటు కూడా కొట్టలేదు" అంది. ఆ గోలలో నేను చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను, ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ పిల్లకే రాద్దామనుకున్నా గానీ మీరందరూ చదవాల్సిన సంగతి, అందుకే అందరికీ రాస్తున్నాను.

చివరి రెండు నిమిషాలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మనం 37, వాళ్లు 38. కెప్టెన్ బంతి కొట్టుకుంటూ కుడివైపు నుంచి వస్తోంది, ఆమెను పట్టుకున్న అమ్మాయి మ్యాచ్ మొదలైనప్పటి నుంచీ జిగురులా అంటుకుని వదలడం లేదు. అప్పుడు తొమ్మిదో నంబరు మూల నుంచి పరిగెత్తుకొచ్చి ఆ అమ్మాయి దారిలో నిలబడింది. కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు రెండూ గుండెలకు ఆనించుకుని, అంగుళం కదలకుండా. స్క్రీన్ వేయడమంటే ఇదే. కదిలిందంటే ఫౌల్, బంతి వాళ్లకి పోతుంది. ఆ అమ్మాయి పరుగున వచ్చి భుజానికి తగిలిన చప్పుడు గీత బయట కూర్చున్న నాకు కూడా వినబడింది. ఆ అర సెకను సందులోంచే కెప్టెన్ లోపలికి దూరి, బుట్ట పక్క నుంచే బంతి వేసే లేఅప్ వేసింది. 39-38. మనమందరం లేచి కెప్టెన్ పేరు అరిచాం.

తర్వాత వాళ్లు షాట్ వేశారు. బంతి గాల్లోకి లేచేసరికి కోర్టులో వాళ్లూ బయట వాళ్లూ అందరం తలలెత్తి దాన్నే చూస్తున్నాం, తొమ్మిదో నంబరు మాత్రం చూడలేదు. వాళ్ల పొడుగు పిల్ల ఎక్కడుందో ముందు చూసుకుంది, వీపు ఆమెకి ఆనించింది, మోకాళ్లు వంచి కుర్చీలో కూర్చున్నట్టు దిగబడింది, ఆమెను అలాగే వెనక ఉంచి బుట్ట దగ్గరికి రానివ్వలేదు. బాక్స్ ఔట్ అంటే ఇదే. బంతి రింగుకి తగిలి పడేసరికి అక్కడ మన ఐదో నంబరు ఒక్కతే ఉంది, చేతులు చాపితే వచ్చి పడింది. వాళ్లు కంగారులో ఫౌల్ చేశారు, అప్పటికే వాళ్ల టీమ్ ఫౌల్స్ నిండిపోయాయి కనుక మనకి రెండు ఫ్రీ త్రోలు, రెండూ పడ్డాయి. 41-38.

మ్యాచ్ అయ్యాక నేను వెళ్లి స్కోర్‌షీట్ చూశాను. లేఅప్ కెప్టెన్ పేరున, ఫ్రీ త్రోలు ఐదో నంబరు పేరున ఉన్నాయి. తొమ్మిదో నంబరు పేరు ఎదురుగా రెండు ఫౌల్స్ ఉన్నాయి, ఇంకేమీ లేవు.

తప్పు ఆ కాగితం రాసినాయనది కాదు, ఆ కాగితంలో ఆటగాళ్ల పేర్ల ఎదురుగా పాయింట్లకీ ఫౌల్స్‌కీ తప్ప చోటే లేదు. కానీ కొంచెం లెక్క వేసి చూడండి. ఆట 40 నిమిషాలు, కోర్టులో పది మంది, బంతి ఒక్కటి. సమానంగా పంచుకున్నా మనిషికి నాలుగు నిమిషాలు. మిగతా 36 నిమిషాలు బంతి మీ చేతిలో ఉండదు, ఎంత పెద్ద స్టార్ అయినా సరే ఆటలో ఎక్కువ భాగం ఖాళీ చేతులతోనే ఆడాలి. ఆ ఖాళీ చేతుల ఆట నేర్చుకున్నవాళ్లని చూడటం మనకి రాదు, నా బాధంతా అదే.

పెద్ద పెద్ద లీగ్‌ల వాళ్లకీ ఇది ఆలస్యంగానే తెలిసొచ్చింది. అమెరికాలో ఎన్‌బీఏ అనే పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ వాళ్లు స్టీల్స్ (ఎదుటివాళ్ల నుంచి బంతి లాక్కోవడం), బ్లాక్స్ (వేసిన షాట్‌ని గాల్లోనే ఆపడం) అధికారికంగా రాయడం మొదలుపెట్టిందే 1973-74 సీజన్‌లో. బిల్ రసెల్ అని బోస్టన్ జట్టులో బుట్ట దగ్గర కాసే సెంటర్, 13 సీజన్లు ఆడి 11 ఛాంపియన్‌షిప్‌లు గెలిచాడు, ఎదుటివాళ్ల షాట్లు ఆపడంలో పేరుమోసినవాడు, 1969లో ఆట మానేశాడు కనుక ఆయన ఎన్ని బ్లాకులు చేశాడో అధికారిక లెక్కే లేదు. లెక్క లేదని ఆయన ఆపిన షాట్లు బుట్టలో పడిపోయాయా? ఇక స్క్రీన్ వల్ల వచ్చిన బుట్టలు, వేలితో తాకి దారి మళ్లించిన పాసులు, నేల మీద పడి దొరకబుచ్చుకున్న బంతులు, ఎదురు నిలబడి గుద్దించుకుని తెచ్చిన చార్జ్ ఫౌల్స్, వీటిని సీజన్ పొడుగునా లెక్కపెట్టడం 2016-17 నుంచే. ఆట పుట్టింది 1891లో. అంటే మొన్న తొమ్మిదో నంబరు చేసిన పనికి పేరు పెట్టి లెక్క రాయడానికి 125 ఏళ్లు పట్టింది.

మీకు జోర్డన్ తెలుసు, టీషర్టుల మీద వేసుకు తిరుగుతారు. స్టీవ్ కెర్ తెలుసా? 1997 ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్, జోర్డన్, కెర్ ఆడే షికాగోకీ యూటాకీ 86-86, చివరి సెకన్లు. ఊరంతా జోర్డనే వేస్తాడనుకుంది, యూటా వాళ్లూ అదే అనుకున్నారు, కెర్‌ని పట్టుకోవాల్సిన స్టాక్టన్ అతన్ని వదిలి జోర్డన్ మీదికి పోయాడు. జోర్డన్ బంతి కెర్‌కి ఇచ్చాడు, అతను వేశాడు, పడింది, ఛాంపియన్‌షిప్ వాళ్లదయింది. బెంచ్ మీద నుంచి వచ్చి ఆడే మనిషి, మ్యాచ్‌లో ఒకటో రెండో అలాంటి షాట్లు వస్తాయి, అవి వచ్చేదాకా తన చోటు వదలకుండా సిద్ధంగా నిలబడటమే అతని పని. అదే కెర్ తర్వాత గోల్డెన్ స్టేట్‌కి కోచ్ అయ్యాడు. ఆండ్రే ఇగ్వాడాలా అని, అప్పటిదాకా ఆడిన ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ మొదటి ఐదుగురిలో ఉన్నవాడు, అతన్ని బెంచ్ మీద కూర్చోమన్నాడు. ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఆలోచించండి. సీజన్ అంతా కూర్చున్నాడు, పిలిచినప్పుడల్లా లేచి ఆడాడు. 2015 ఫైనల్స్‌లో జట్టు 2-1తో వెనకపడితే నాలుగో మ్యాచ్‌కి అతన్ని మొదటి ఐదుగురిలోకి తెచ్చారు, వరుసగా మూడూ గెలిచారు, ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికే ఇచ్చారు. బెంచ్ అంటే ఏమిటో తెలిసిన కోచ్ కనుకనే అది కుదిరిందని నాకనిపిస్తుంది.

షేన్ బాటియే అని ఇంకో ఎన్‌బీఏ ఆటగాడు, అతనిది ఇంకో రకం. పాయింట్లు పెద్దగా కొట్టడు, చూస్తే మామూలుగా ఉంటాడు. కోబీ బ్రయంట్ లాంటి పెద్ద స్టార్‌ని కాయాల్సిన రోజు, కోబీకి ఏ వైపు నుంచి వేస్తే తక్కువ పడతాయో ముందే చదువుకుని, అతన్ని ఆ వైపుకే తోలుకుపోయి, బంతిని కాకుండా కళ్లకి ఎదురుగా చెయ్యి అడ్డం పెట్టేవాడు. షాట్ పడకపోతే కోబీ మిస్ చేశాడని రాసుకుంటారు. బాటియే పేరెక్కడా రాదు. కాకపోతే అతను కోర్టులో ఉన్నంతసేపు జట్టు ఎన్ని ఎక్కువ కొట్టింది, ఎన్ని తక్కువ ఇచ్చింది అని చూస్తే అప్పుడు బయటపడేది అతని పనితనం.

మన జిల్లాల్లో బండలాగుడు పోటీలకి పోయినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒంగోలు గిత్తల జతలో ఒకటి ఎంత పొగరుగా లాగినా రెండోది కాడి సమానంగా మొయ్యకపోతే బండ పక్కకి తిరుగుతుంది. అక్కడ జనం రెండిటినీ చూస్తారు, దూరం కూడా జత పేరు మీదే రాస్తారు.

ఇంత వయసొచ్చాక మీకు ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, నా చేతిలో జరిగిన అన్యాయం ఒకటుంది. డిగ్రీ చదివే రోజుల్లో మట్టి కోర్టు మీద, సున్నంతో గీతలు గీసుకుని ఆడేవాళ్లం. పాయింట్లన్నీ నావే. కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక మిత్రుడు నా కోసం స్క్రీన్లు వేసేవాడు, మ్యాచ్ అయిన రాత్రి హాస్టల్లో భుజాలకి ఉప్పుమూటతో కాపడం పెట్టుకునేవాడు, నేను పక్క మంచం మీద పడుకుని నా షాట్ల గురించి చెప్పుకునేవాణ్ణి. మా ఇంట్లో గోడ మీద ఫోటో చూశారుగా, కప్పు నా చేతిలో ఉంటుంది, చివర్లో సగం తెగిపోయిన మనిషి వాడే. నీవల్లే అన్న మాట వాడితో ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట ఎంత చిన్నదో, అనకపోతే ఎన్నేళ్లు గుచ్చుకుంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

కెప్టెన్ తల్లీ, నీకొక పని. జోర్డన్ చదివిన నార్త్ కరోలినా యూనివర్సిటీలో డీన్ స్మిత్ అనే కోచ్ ఒక అలవాటు పెట్టాడు, బుట్ట వేసినవాడు వెంటనే పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలి. నువ్వు పాస్ ఇచ్చినవాళ్లకే కాదు, స్క్రీన్ వేసినవాళ్లకీ చూపించు. అమ్మానాన్నలూ ఈ ఉత్తరం చదువుతుంటే, పిల్లలు ఇంటికి రాగానే "ఎన్ని కొట్టావు" అని అడగడం మానేసి, ఎవరిని ఆపావు, ఎవరికి దారి ఇచ్చావు అని అడగండి.

తొమ్మిదో నంబరూ, నిన్ను ఊరడించడానికి రాయలేదమ్మా ఇదంతా. నీ ఆటలో లోపం కూడా ఉంది. రెండో క్వార్టర్లో మూడు సార్లు స్క్రీన్ వేశాక అక్కడే నిలబడిపోయావు. కెప్టెన్ దాటిపోగానే పాదం మీద తిరిగి, చెయ్యి పైకెత్తి బుట్ట వైపు పరిగెత్తు, నిన్ను చూసేవాళ్లు ఉండరు, బంతి నీకే వస్తుంది. వచ్చే వారం అది సాధన చెయ్యి.

ఆదివారం నేను నోటుబుక్కు తెస్తున్నాను, స్క్రీన్లు, బాక్స్ ఔట్లు, తాకి మళ్లించిన పాసులు అని గళ్లు గీసి పెట్టాను, బెంచ్ మీద ఉన్న ఇద్దరూ నా పక్కన కూర్చుని రాయాలి. మొన్న నిద్ర పట్టని రాత్రే మా మిత్రుడికి ఫోన్ చేశాను, అనాల్సిన మాట అన్నాను, చాలాసేపు వాడేమీ మాట్లాడలేదు. తర్వాత మీ మ్యాచ్ సంగతి చెబితే, ఆదివారం బస్సెక్కి వస్తానన్నాడు. మోకాళ్లు సహకరించవు గానీ పాదాలు ఎక్కడ పెట్టాలో చూపిస్తాడు, అడగండి.

ప్రేమతో,
మీ తాతయ్య
కావలి