ఈ-రీడర్ ధర, ఈ-బుక్ ఫార్మాట్: అపోహలు - వాస్తవాలు

తెలుగు ఈ-బుక్కులు తయారుచేయడం నా పని. ఏ రీడర్ కొనమంటారని అడిగేవాళ్లంతా ముందు ధర చూస్తారు. నేనైతే ముందు ఫైలు సంగతి చూడమంటాను.

అపోహ: రీడర్ చవగ్గా వస్తే మనకే లాభం.

వాస్తవం: 2007లో అమెజాన్ తెచ్చిన మొదటి కిండిల్ రీడర్ ధర 399 డాలర్లు. 2011 నాటికి ప్రకటనలతో వచ్చే మోడల్ 79కే దొరికింది. విడిభాగాలు చవకవడం ఒక్కటే కారణం కాదు. పరికరాన్ని మాకయ్యే ఖర్చుకే అమ్ముతున్నామని 2012లో అప్పటి అమెజాన్ అధిపతి జెఫ్ బెజోసే చెప్పాడు. లాభం ఆ తర్వాత మనం కొనే పుస్తకాల మీద. కాబట్టి అవి వేరే కంపెనీ రీడర్‌లో తెరుచుకోకపోతేనే వాళ్లకు మేలు.

అపోహ: ఈపబ్ అనే ఫార్మాట్‌లో ఉన్న ఈ-బుక్ అయితే, వేరే రీడర్‌లో తెరుచుకోకుండా ఆపే తాళం ఉండదు.

వాస్తవం: ఈపబ్ ఎవరైనా వాడుకోగల ఓపెన్ ప్రమాణమే. ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరవండి, లోపల వెబ్‌పేజీల్లాంటి అధ్యాయాలు, బొమ్మలు, పేజీ ఎలా కనిపించాలో చెప్పే సీఎస్ఎస్ ఫైళ్లు కనిపిస్తాయి. నోట్‌ప్యాడ్‌లోనే ఒత్తు తప్పు దిద్దేయొచ్చు. కానీ ఇదే ఈపబ్‌కు అడోబీ ఒక డీఆర్ఎం (కాపీ కాకుండా ఆపే డిజిటల్ తాళం) వేస్తుంది, యాపిల్ ఇంకోటి. ఒకరి తాళం ఇంకొకరి దగ్గర తెరుచుకోదు. అందుకే కొనేముందు ఫార్మాట్ పేరుతో ఆగకుండా, డీఆర్ఎం ఉందో లేదో కూడా చూడాలి.

అపోహ: డబ్బు కట్టాను, ఇక పుస్తకం నాది.

వాస్తవం: తాళం ఉన్న ఫైలుకు మీరు కట్టింది లైసెన్సు రుసుము. 2009 జులైలో, హక్కుల్లేని సంస్థ అమ్మిందని, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను అమెజాన్ పాఠకుల కిండిళ్లలోంచే తీసేసి డబ్బు వెనక్కిచ్చింది. మైక్రోసాఫ్ట్ 2019లో ఈ-బుక్కుల దుకాణం ఎత్తేసినప్పుడు కొన్న పుస్తకాలన్నీ పోయాయి. డబ్బు వాపసు ఇచ్చారు, పుస్తకంలో నోట్సు రాసుకున్నవాళ్లకు ఇంకో 25 డాలర్లు జమ చేశారు. ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సుకు అదా వెల? నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అపోహ: కాగితం ఖర్చు లేదు కాబట్టి తెలుగు ఈ-బుక్ దాదాపు ఉచితంగా రావాలి.

వాస్తవం: చాలా ప్రెస్సుల నుంచి మాకొచ్చేవి అను అనే పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో, పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లు. వాటిని, ఏ పరికరమైనా తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చగానే ఒత్తులు, గుడులు చెదిరిపోతాయి. వరసవరసా చూసి దిద్దాలి. ఆ కూలి కాగితంతో పోదు. పైగా అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు, ఈ-బుక్‌కు ఉంది. 2018 జులైలో, అచ్చులోనూ ఉన్న పుస్తకాల ఈ-బుక్కులకు మాత్రం 18 నుంచి 5 శాతానికి తగ్గించారు.

పీడీఎఫ్‌తో సరిపెట్టేస్తే ఈ శ్రమంతా తప్పుతుంది, నిజమే. కానీ ఆరంగుళాల తెర మీద ఆ అక్షరాలు చీమల బారులా ఉంటాయి, పెద్దవి చేస్తే పేజీని అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. ప్రచురణకర్తను యూనికోడ్ ఈపబ్, డీఆర్ఎం లేకుండా అడగండి. మీ దగ్గర కిండిల్ ఉన్నా ఫరవాలేదు, మన ఫైళ్లను కిండిల్‌కు పంపే అమెజాన్ సేవ సెండ్ టు కిండిల్ 2022 నుంచి ఈపబ్‌ను తీసుకుంటోంది.