చెవిలో సిరంజి

"మా తమ్ముడూ నేనూ ఒకేరోజు ఒకే మోడల్ ఇయర్‌ఫోన్స్ కొన్నాం. వాడికి బేస్ గుండెలో కొట్టినట్టు వినిపిస్తోందట. నాకేమో రేకుడబ్బాలోంచి పాడుతున్నట్టుంది. నాకు పాడైన పీసు తగిలిందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఇద్దరూ మార్చుకుని చూడమన్నాను. ఈమె పీసు తమ్ముడి చెవిలో భేషుగ్గా మోగింది. తమ్ముడిది ఈమె చెవిలో మళ్లీ రేకుడబ్బాయే. అంటే పీసులో లోపమేమీ లేదు. ఇక అనుమానించాల్సింది చెవికీ ఇయర్‌ఫోన్‌కీ మధ్య ఉండే ఆ చిన్న రబ్బరు టోపీని.

దాన్నే ఇయర్ టిప్ అంటాం. చెవికి నొప్పి కలగకుండా పెట్టిన దిండు లాంటిదని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది పరికరంలో సగం. తక్కువ ధర ఇయర్‌ఫోన్స్‌లో సగం కంటే ఎక్కువే.

ఎందుకో తెలియాలంటే సూది తీసేసిన సిరంజి ఒకటి చేతిలోకి తీసుకోండి. ముందు పిస్టన్‌ని వెనక్కి లాగి, మూతిని బొటనవేలితో గట్టిగా మూసి నొక్కండి. లోపలి గాలి ఎదురు తిరుగుతుంది. ఇప్పుడు వేలిని వెంట్రుకవాసి పక్కకు జరిపి, నెమ్మదిగా నొక్కండి. ఎదురే ఉండదు, గాలి సుయ్యిమని జారిపోతుంది. సందు అలాగే ఉంచి ఈసారి ఒక్కసారిగా గట్టిగా పొడవండి. ఎదురు మళ్లీ తగులుతుంది. సందు అదే, గాలి అదే. తేడా ఒక్కటే, గాలికి తప్పించుకునే టైమ్ దొరకలేదు.

చెవిలో జరిగేది అచ్చంగా ఇదే. ఇయర్‌ఫోన్ లోపల ఊగుతూ శబ్దం పుట్టించే పల్చని పొర, డయాఫ్రమ్, పిస్టన్. చెవి గొట్టం సిరంజి ఒళ్లు. టిప్ బొటనవేలు. అవతలి చివర గాలి ఒత్తిడిని కొలిచేది మన కర్ణభేరి. బేస్ అంటే నెమ్మదిగా నొక్కడం, ట్రెబుల్ అంటే గబగబా పొడవడం. టిప్ పక్కన చిన్న సందు ఉంటే నెమ్మదిగా నొక్కిన ఒత్తిడంతా అటునుంచి జారిపోతుంది, వేగంగా పొడిచింది మాత్రం కర్ణభేరికి చేరుతుంది. అందుకే సందున్న చెవికి గొంతు వినిపిస్తుంది, తాళం వినిపిస్తుంది, డోలు మాత్రం మాయమవుతుంది. రేకుడబ్బా అని ఆమె రాసిన మాట ఎంత కచ్చితమైందో చూడండి.

కొంచెం లెక్క వేద్దాం, నాకిది చాలా ఇష్టమైన లెక్క. చెవి గొట్టం పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగే బేస్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. 7 మీటర్ల అల రెండున్నర సెంటీమీటర్ల గొట్టంలో ఎలా పడుతుంది? పట్టదు. కాబట్టి అక్కడ అల అంటూ ఏమీ ఉండదు. లోపలి గాలి మొత్తం ఒక్క ముద్దలా నొక్కుకుని, మళ్లీ సాగుతుంది, అంతే. చెవిని అనుకరించే ప్రామాణిక పరికరంలో ఈ గాలి పరిమాణం సుమారు 1.3 ఘన సెంటీమీటర్లు. బాగా గట్టిగా వినిపించే 94 డెసిబెల్స్ అంటే 1 పాస్కల్ ఒత్తిడి, వాతావరణ ఒత్తిడిలో లక్షో వంతు. 1.3 ఘన సెంటీమీటర్ల మూసిన గాలిలో ఆ మాత్రం ఒత్తిడి పుట్టాలంటే పిస్టన్ తొయ్యాల్సిన గాలి 0.009 ఘన మిల్లీమీటర్లు. ఒక సన్నని ఇసుక రేణువంత! 8 మిల్లీమీటర్ల డయాఫ్రమ్ అందుకోసం కదలాల్సింది మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతులో) అయిదో వంతు. తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు అనుకుంటే, అందులో మూడువందలో వంతుకు కూడా రాదు. గదిలో పెట్టే స్పీకరుకు బేస్ కోసం అంత పెద్ద కోన్ కావాల్సి వస్తుంటే, చిటికెనవేలి గోరంత ఇయర్‌ఫోన్ ఎలా నెగ్గుకొస్తోందన్న ప్రశ్నకు ఇదే జవాబు. గదిలో గాలి పక్కలకు పారిపోతుంది. మూసిన చెవిలో దానికి దారి లేదు.

ఇప్పుడు ఆ దారి ఇద్దాం. టిప్ పక్కన అర మిల్లీమీటరు వ్యాసం, 5 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సన్నని సొరంగం మిగిలిందనుకుందాం. గాలి జడత్వాన్నీ, సొరంగం గోడలకు రాసుకునే జిగటనూ కలిపి లెక్కేస్తే 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 15 డెసిబెల్స్ పడిపోతాయి. 1000 హెర్ట్జ్ దగ్గర ఒక్క డెసిబెల్ కూడా తేడా రాదు. సొరంగం వ్యాసం 1 మిల్లీమీటరైతే 50 హెర్ట్జ్ దగ్గర నష్టం 35 డెసిబెల్స్ దాటుతుంది, అంటే ఆ బేస్ ఇక లేనట్టే. అర మిల్లీమీటరంటే చెవిలో ఎవరికీ తెలియదు. ఇయర్‌ఫోన్ వదులుగా అనిపించదు, జారిపోదు, బయటి శబ్దం కూడా కొంత తగ్గినట్టే ఉంటుంది. కాబట్టి 'నాకు బాగానే ఫిట్ అయింది' అన్న మాటను నేను అంత తేలిగ్గా నమ్మను.

మూసిన గాలిని ఎంత కుదిస్తే ఒత్తిడి అంత పెరుగుతుందనే బాయిల్ సూత్రాన్ని బడిలో పాదరసం పోసిన వంకర గొట్టంతోనే ఇంకా చెబుతున్నారు. 1662లో ఆయన ప్రచురించిన ప్రయోగం గొప్పదే. కానీ పిల్లల జేబుల్లో ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి కదా, ఒక్క పీరియడ్ దాంతో చెప్పి చూడాలని నా కోరిక. అదే పాఠంలో ఇంకో మెట్టు ఎక్కొచ్చు. గాలిని అంత వేగంగా నొక్కినప్పుడు అది కాస్త వేడెక్కుతుంది, చల్లారే వ్యవధి ఉండదు, అందుకే బాయిల్ లెక్కకు 1.4 రెట్లు ఎక్కువ ఎదురు తిరుగుతుంది. న్యూటన్ ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్లనే ఆయన లెక్కలో ధ్వని వేగం దాదాపు 15 శాతం తక్కువ వచ్చింది. దాన్ని లాప్లాస్ సరిచేశాడు. నా పైలెక్కలో ఆ 1.4 ఉంది.

సిరంజిని ఇంకా వదలొద్దు. టిప్ చిన్నదైతే సందు ఉంటుందని అందరికీ తెలుసు. పెద్దదైనా ఉంటుందని తెలియదు. చెవికి మించిన సిలికాన్ టిప్‌ను లోపలికి నెడితే దాని అంచు ముడత పడుతుంది. ప్రతి ముడతా ఒక సొరంగమే. బొటనవేలికి బదులు మడతపడిన గుడ్డతో సిరంజి మూతిని మూసినట్టు ఉంటుంది. చెవి రంధ్రం గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. గొట్టం తిన్నగా కూడా ఉండదు, రెండు వంకరలు తిరుగుతుంది. ఎడమ చెవి కొలత కుడి చెవికి సరిపోవాలని లేదు. పైగా దవడ కీలు చెవి గొట్టానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి నోరు తెరిస్తే గొట్టం ఆకారమే మారుతుంది. కదలకుండా కూర్చుంటే చక్కగా బేస్ వచ్చి, పాటతోపాటు గొంతు కలపగానే అది పోతోందంటే కారణం ఇదే.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. ఏదీ మోగించకుండా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నోరు మూసి 'మ్‌మ్‌మ్' అని రాగం తీయండి. మీ గొంతు రెండు చెవుల్లోనూ కుండలో మాట్లాడినట్టు సమానంగా బరువెక్కాలి. ఒక పక్కే బరువుంటే రెండో పక్క సందు ఉంది. తర్వాత 50 హెర్ట్జ్ స్వరాన్ని తక్కువ వాల్యూమ్‌లో మోగించి, ఇయర్‌ఫోన్‌ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు శబ్దం ఒక్కసారిగా పెరిగితే టిప్ సరిపోలేదన్నమాట. పెట్టుకునే పద్ధతి కూడా ముఖ్యమే. అవతలి వైపు చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగితే గొట్టం వంకర కాస్త సాగుతుంది. చెవి డాక్టర్లు లోపలికి చూసేటప్పుడు చేసేదీ అదే. తీసేటప్పుడు సర్రున లాగకండి, మెలితిప్పుతూ నెమ్మదిగా తీయండి. సిరంజిని వెనక్కి లాగితే వేలిని పీల్చుకుంటుంది కదా, కర్ణభేరికీ అదే జరుగుతుంది.

సిలికాన్‌తో ఎంతకీ కుదరని చెవులకు ఫోమ్ టిప్స్ ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి పెట్టుకుంటే కొన్ని సెకన్లలో ఉబ్బి, చెవి ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోకి ఒదుగుతాయి. కోల చెవికి ఇంతకంటే మంచి బొటనవేలు దొరకదు. ట్రెబుల్‌ని మాత్రం కాస్త మెత్తబరుస్తాయి. గులిమి, చెమట పీల్చుకుని కొన్ని నెలలకే గట్టిపడతాయి, అప్పుడు మార్చేయాల్సిందే.

ఇయర్‌ఫోన్ పెంకు మీద సూదిమొనంత కన్నం చూసే ఉంటారు. అది లీకు కాదా అని అడగొచ్చు. లీకే, కానీ కొలత తెలిసి పెట్టిన లీకు. చెవిలోకి తోసేటప్పుడు పేరుకునే ఒత్తిడిని బయటికి వదులుతుంది. అది లేని పీసుల్లో, లేదా మరీ సన్నగా ఉన్నవాటిలో, పెట్టుకునేటప్పుడు 'చిటపట' మని డయాఫ్రమ్ ముడుచుకునే చప్పుడు వస్తుంది. చెవిలోకి తెరుచుకునే ఆ కన్నాన్ని టేపుతో మూసి బేస్ పెరిగిందని సంతోషించేవాళ్లున్నారు. పెరుగుతుంది నిజమే, డిజైన్ చేసినవాళ్లు అనుకున్న హద్దు దాటి పెరుగుతుంది.

పైస్థాయి స్వరాల దగ్గరికి వస్తే సిరంజి పోలిక తెగిపోతుంది. 8000 హెర్ట్జ్ అల పొడవు 4.3 సెంటీమీటర్లు. అందులో సగం, అంటే 21 మిల్లీమీటర్లు, నాజిల్‌కీ (టిప్ తొడిగే చిన్న గొట్టం మూతికీ) కర్ణభేరికీ మధ్య ఉన్న దూరానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ ఆ స్వరం కదలకుండా నిలిచిపోయే అలగా పేరుకుని, స, ష అక్షరాలను పదునెక్కిస్తుంది. అదే ఇయర్‌ఫోన్‌ని 4 మిల్లీమీటర్లు లోపలికి జరిపితే ఆ శిఖరం 10,000 హెర్ట్జ్‌కు పోతుంది, పదును చెవికి అంతగా గుచ్చుకోదు. టిప్ మార్చగానే ట్రెబుల్ మారిందని ఎవరైనా అంటే భ్రమ అని కొట్టిపారేయకండి. టిప్ కన్నం వెడల్పుదైతే ట్రెబుల్ కాస్త ధారాళంగా వస్తుంది, ఇరుకుదైతే తగ్గుతుంది.

ఇయర్‌ఫోన్స్ కొనేముందు, ఏ స్వరం ఎంత గట్టిగా వస్తుందో చూపే ఫ్రీక్వెన్సీ గ్రాఫులు చూసే అలవాటు ఇప్పుడు చాలామందికి ఉంది, మంచిదే. విద్యుత్ పరికరాలకు అంతర్జాతీయ ప్రమాణాలు రాసే ఐఈసీ నుంచి 1981లో ఐఈసీ 711 పేరుతో వచ్చి, ఇప్పుడు ఐఈసీ 60318-4గా ఉన్న ప్రమాణం ప్రకారం చేసిన లోహపు చెవిలో ఆ కొలతలు తీస్తారు. అందులో సందు ఉండకుండా జాగ్రత్తపడతారు. కాబట్టి గ్రాఫులోని బేస్ మీకు దొరకాల్సిన బేస్, దొరికేది మీ టిప్‌ను బట్టి. 3000 హెర్ట్జ్ దగ్గర కనిపించే గుట్టను చూసి కంగారుపడకండి. తెరిచిన చెవి గొట్టం, సీసా మూతి మీద ఊదినప్పుడు మోగినట్టు, తనంతట తానే అక్కడ మోగుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టి మూసేస్తే ఆ మోత పోతుంది, అందుకని తయారీదారులే దాన్ని తిరిగి కలుపుతారు.

ఇక తక్కువ ధరలో ఏది కొనాలి? లోపల శబ్దం పుట్టించే డ్రైవర్ల సంఖ్య లెక్కపెట్టకండి. చక్కగా ట్యూన్ చేసిన ఒక్క డైనమిక్ డ్రైవర్ (పైన చెప్పిన డయాఫ్రమ్ రకం) చాలు. నేనైతే ముందు నాజిల్ చూస్తాను. 6 మిల్లీమీటర్లు దాటిన నాజిల్ చిన్న చెవులకు నరకం. పెంకు చిన్నగా ఉండాలి, నాజిల్ కాస్త ముందుకు వంగి ఉండాలి, తీగ చెవి మీదుగా తిప్పుకునేలా ఉండాలి. పెట్టెలో మూడు సైజుల టిప్స్ ఉంటే మూడూ పెట్టి చూడకుండా మంచిదనీ చెడ్డదనీ తీర్పు ఇవ్వకూడదు. వంద గంటలు ఆపకుండా మోగిస్తేనే అసలు సౌండ్ బయటికి వస్తుందనే నమ్మకం ఒకటి బలంగా ప్రచారంలో ఉంది. ఆ వంద గంటల్లో చెయ్యి సరిగ్గా పెట్టడం నేర్చుకుంటుంది, మెదడు ఆ ధ్వనికి అలవాటు పడుతుంది. మార్పు నిజంగానే తెలుస్తుంది, కానీ అది ఎక్కువగా మనలో వచ్చిన మార్పు.

సందు వల్ల అసలు నష్టం వేరే ఉంది. బేస్ చాలక మనిషి వాల్యూమ్ పెంచుతాడు. పెరిగేది మిగతా స్వరాలు, బేస్ ఎలాగూ జారిపోతూనే ఉంటుంది, చెవి అలిసిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూతో కలిసి ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు హద్దు. 3 డెసిబెల్స్ పెంచిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలే. టిప్ సరిగ్గా మూసుకుంటే బయటి రొద తగ్గి, వాల్యూమ్ పెంచాలనే అనిపించదు.

పాఠకురాలు మళ్లీ రాశారు. ఎడమకు పెద్ద టిప్, కుడికి మధ్యది పెట్టాక బేస్ వచ్చిందట. కానీ నడుస్తుంటే ప్రతి అడుగూ తలలో దబ్‌దబ్‌మంటోందట. అదీ సిరంజి పనే. అడుగు అదురు ఎముకల గుండా పాకి చెవి గొట్టం బయటి భాగానికి చేరుతుంది. అక్కడి గోడ మెత్తని మృదులాస్థి కాబట్టి అదే రెండో పిస్టన్ అయి గాలిని నొక్కుతుంది. చెవి తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి జారిపోయేది, ఇప్పుడు దారి మూసుకుపోయింది. లోపలి ఎముక భాగం దాకా దిగే మూడంచుల టిప్స్ ఈ మోతను తగ్గిస్తాయి, అక్కడి చర్మం పల్చన కాబట్టి అందరూ తట్టుకోలేరు. తీగ బట్టలకు తగిలి వచ్చే చప్పుడు, దాన్ని చెవి మీదుగా తిప్పితే చాలావరకు పోతుంది. అడుగుల మోత అలా పోదు. నడిచేటప్పుడు చెవిని మూయని పాత రకం ఇయర్‌ఫోన్స్ వాడమన్నాను. రోడ్డు మీద వెనకనుంచి వచ్చే బండి చప్పుడు కూడా వాటిలో వినిపిస్తుంది.