ఊరుంది, పేరే కోర్టుకెక్కింది: లయోల్ కత్తి కథ

2012 సెప్టెంబరులో దక్షిణ ఫ్రాన్స్‌లోని లయోల్ ఊరివాళ్లు పొలిమేరలో ఉన్న ఊరి పేరు బోర్డును పీకేశారు. తమ పేరును బయటివాళ్లు ట్రేడ్‌మార్క్ చేసుకున్నారని వేసిన కేసును అప్పుడే పారిస్ కోర్టు కొట్టేసింది. పేరే మనది కానప్పుడు బోర్డెందుకన్నది వాళ్ల ఉక్రోషం. ఊరి పేరునే ఇంటిపేరుగా మోసేవాళ్లు బోలెడంతమంది ఉన్న మనకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. అయితే తప్పంతా కోర్టుదేనా అంటే, కాస్త వెనక్కి వెళ్లి చూడాలి.

ఊరి పేరుని ఫ్రెంచిలో రాస్తే అక్షరాల్లో మధ్యన ‘గ’ ఉంటుంది కానీ పలకరు. అక్కడి పాత భాష ఆక్సితాన్‌లో ఆ పేరుకి చిన్న చర్చి అని అర్థం. అవేరోన్ జిల్లాలో, ఓబ్రాక్ పీఠభూమి మీద, సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉందీ ఊరు. జనాభా 1,200 దాకా. చలికాలం ఓ పట్టాన వదలదు, గడ్డి పెరిగినంత బాగా పంట పెరగదు. అందుకే బతుకంతా పశువుల చుట్టూ తిరిగింది. ఓబ్రాక్ ఆవులు లేత గోధుమ వన్నెలో ఉంటాయి, కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి అంచు. పాత లెక్క ప్రకారం మే 25న మందలు కొండ మీది పచ్చికకు ఎక్కేవి, అక్టోబరు 13న దిగేవి. ఆ నాలుగున్నర నెలలూ కాపరులు రాతి గుడిసెల్లో ఉంటూ జున్ను చేసేవాళ్లు. మాగబెట్టని తాజా జున్నును ఉడికించిన బంగాళాదుంపలో వేసి, వెల్లుల్లి తగిలించి, పొయ్యి మీదే చెక్క గరిటెతో కలిపితే అలిగో అవుతుంది. గరిటె పైకెత్తితే బారెడు సాగుతుంది, తెగదు. సంతమైదానంలో కంచు ఎద్దు విగ్రహం ఉందంటే ఈ ఊరికి పశువు ఎంత ముఖ్యమో ఊహించుకోవచ్చు.

కత్తి పుట్టింది కూడా ఈ పశువుల మధ్యే. 1829లో పియర్ జాన్ కల్మెల్స్ అనే కమ్మరి ఇక్కడ మడత కత్తి చేశాడు. కాపరులు దాంతోనే రొట్టె కోసుకునేవాళ్లు, దాంతోనే కర్ర చెక్కేవాళ్లు. 1840 ప్రాంతంలో దానికి లావుపాటి సూది లాంటి ఓ మేకు చేరింది. పచ్చి మేత ఎక్కువ తిని ఆవుకి కడుపుబ్బితే, పక్కన పొడిచి గాలి తీసేయడానికి పనికొచ్చేది. పిడి మీద చిన్న చిన్న సీలలతో శిలువ గుర్తు ఉంటుంది. చర్చి దూరమైన కాపరి కత్తిని రొట్టెలో నిలువునా గుచ్చి దాని ముందే ప్రార్థన చేసుకునేవాడట. కత్తి స్ప్రింగు మీద ఉండే తేనెటీగ బొమ్మను నెపోలియన్ ఇచ్చాడన్నది మాత్రం దుకాణాల్లో చెప్పే కథ. ఆ తేనెటీగ వచ్చింది 20వ శతాబ్దంలో.

తర్వాత వలసలు మొదలయ్యాయి. అవేరోన్ వాళ్లు పారిస్ వెళ్లి బొగ్గు అమ్మారు, వైన్ అమ్మారు, కాఫీ హోటళ్లు పెట్టారు. 1880 ప్రాంతంలో కత్తికి సీసా బిరడా లాగే మెలి కూడా చేరింది. ఆవు కడుపు కోసం మేకు, పారిస్ వైన్ సీసా కోసం మెలి: ఊరి చరిత్ర మొత్తం ఆ పిడిలోనే మడతపెట్టి ఉంది.

గిరాకీ పెరిగేసరికి ఊళ్లోని కొలుములు సరిపోలేదు. ఉత్తరాన, రోడ్డు మీద 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న తియేర్ పట్నానికి కత్తుల తయారీయే శతాబ్దాల వృత్తి. పని మెల్లగా అటు పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత లయోల్‌లో కొలుములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. దశాబ్దాల పాటు లయోల్ కత్తిని బతికించింది తియేర్ పనివాళ్లే. ఈ సంగతి ఊరివాళ్ల వాదనలో అంతగా వినిపించదు.

1980ల్లో ఊరు మేల్కొంది. 1987లో కొత్త ఫ్యాక్టరీ వచ్చింది. డిజైనర్ ఫిలిప్ స్టార్క్ గీసిన ఆ భవనం కప్పులోంచి 18 మీటర్ల బ్లేడు ఆకాశంలోకి లేచి ఉంటుంది. ఊరివాడే అయిన మిషెల్ బ్రాస్ హోటల్‌కి 1999లో మూడు మిషెలిన్ స్టార్లు వచ్చాయి. అసలు తలనొప్పి మాత్రం ఈ మధ్యలోనే మొదలైంది: 1993లో పారిస్ దగ్గరి వ్యాపారి ఒకాయన ‘లయోల్’ పేరును రకరకాల వస్తువులకి ట్రేడ్‌మార్క్ చేయించుకున్నాడు. చవక దిగుమతి సరుకు మీదా అదే పేరు పడింది.

బోర్డు పీకిన రెండేళ్లకి, 2014లో, అప్పీలు కూడా పోయింది. 2016లో సుప్రీం స్థాయి కోర్టు ఆ తీర్పును కొంతమేర రద్దు చేసింది. చివరికి 2019లో ఊరు గెలిచింది, ఇరవై దాకా ట్రేడ్‌మార్కులు రద్దయ్యాయి. ఇక్కడ నా సానుభూతి పూర్తిగా ఊరికే.

రెండో తగాదా అంత తేలిక కాదు. చేతివృత్తుల వస్తువులకి జీఐ (భౌగోళిక గుర్తింపు) ట్యాగ్ ఇచ్చే చట్టం ఫ్రాన్స్‌లో 2014లో గానీ రాలేదు. మనకి 1999లోనే చట్టం ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కి ఎప్పుడో ట్యాగ్ వచ్చింది కూడా. 2022లో ‘లయోల్ కత్తి’కి ఇచ్చిన ట్యాగ్‌లో అవేరోన్‌తో పాటు తియేర్‌నీ కలిపారు. చేసింది మేమూ అని తియేర్, పుట్టింది ఇక్కడ అని లయోల్. ఈ ఊరి తయారీదారులు మళ్లీ కోర్టుకెళ్లారు. 2024 జనవరిలో ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ నగరంలోని అప్పీలు కోర్టు ఆ ట్యాగ్‌ని కొట్టేసింది.