విండో సైజు లెక్క ఎందుకు తప్పుతుంది: నలభై ఏళ్ల నేపథ్యం

ఫారం అడుగున ఉన్న 'సేవ్' బటన్ సగమే కనిపిస్తోందని క్లయింట్ ఫోన్ చేస్తాడు. ప్రోగ్రామర్ కంప్యూటర్‌లో చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు ఈ ఫిర్యాదు కొత్తది కాదు. దీని మూలం మాత్రం చాలామంది అనుకున్నట్టు కోడ్ రాసినవాడి అజాగ్రత్త కాదు. విండో కొలత ఎవరు నిర్ణయించాలన్న విషయంలో మొదట్లోనే జరిగిన ఎంపిక.

1985లో విండోస్ 1.0 వచ్చినప్పటి నుంచీ మైక్రోసాఫ్ట్ పద్ధతి ఒకటే. ప్రోగ్రామ్ విండోకు ఇచ్చే కొలతలో టైటిల్ బార్, అంచులు, మెనూ అన్నీ కలిసే ఉంటాయి. బటన్లు, టెక్స్ట్ బాక్సులు కూర్చునేది లోపలి భాగంలో, అంటే క్లయింట్ ఏరియాలో. ఫొటో కొలత తెలిసి ఫ్రేమ్ మందం తెలియకుండా గోడ మీద చోటు కొలిచినట్టే ఇది. ఈ తేడా లెక్కగట్టడానికే అడ్జస్ట్‌విండోరెక్ట్ అనే ఫంక్షన్ ఉంది. లోపల ఎంత చోటు కావాలో చెబితే బయటి కొలత ఇస్తుంది. అందులోనూ ఒక మెలిక: మెనూలో పేర్లు ఎక్కువై రెండో వరుసలోకి దిగితే ఆ అదనపు ఎత్తును అది లెక్కలోకి తీసుకోదు.

అదే కాలంలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ప్రపంచం వేరే దారి పట్టింది. అక్కడ విండోలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్‌లో ఫ్రేమ్ గీసేది అప్లికేషన్ కాదు, విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రామ్. అప్లికేషన్ అడిగేది లోపలి కొలతే కాబట్టి ఈ కూడికల తలనొప్పి చాలావరకు లేదు. పైగా ఒక్కొక్కరి దగ్గర ఒక్కో స్క్రీన్, ఒక్కో ఫాంట్. అంకెలు వేసి కూర్చుంటే పని జరగదు. అందుకే 1990ల మొదట్లో బర్క్‌లీలో జాన్ ఔస్టర్‌హౌట్ తయారుచేసిన టీకే టూల్‌కిట్‌లో (విండోలు కట్టే సామగ్రి), కంట్రోల్స్‌ను, అంటే బటన్లు, టెక్స్ట్ బాక్సుల వంటివాటిని, ప్యాక్ చేస్తే విండో తనంతట తానే వాటికి సరిపడా సైజుకు వస్తుంది. 1996లో జావా భాష కూడా ఇదే పని చేసే ప్యాక్ అనే మెథడ్‌తోనే వచ్చింది.

అలాగని విండోస్ వాళ్లకు ఈ సంగతి తెలియదనలేం. డైలాగ్ బాక్సులకు పిక్సెల్స్ బదులు డైలాగ్ యూనిట్లు వాడారు. అడ్డంగా ఒక యూనిట్ అంటే ఫాంట్‌లో సగటు అక్షరం వెడల్పులో 4వ వంతు, నిలువుగా అక్షరం ఎత్తులో 8వ వంతు. ఫాంట్ పెరిగితే డైలాగ్ కూడా పెరుగుతుంది. మంచి ఆలోచనే. కానీ 1991లో వచ్చిన విజువల్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ టూల్ జనాన్ని బటన్లు మౌస్‌తో లాగి పెట్టడానికి అలవాటు చేసింది. కొలతలు ట్విప్స్ అనే చిన్న యూనిట్లలో, అంగుళానికి 1440. ఫారం విడ్త్ (బయటి వెడల్పు) నుంచి స్కేల్‌విడ్త్ (లోపలి వెడల్పు) తీసేసి, వచ్చిన అంచు మందాన్ని కావలసిన వెడల్పుకు కలపడం తెలిసినవాళ్ల చిట్కా. తెలియనివాళ్లు తమ స్క్రీన్‌లో బాగున్న అంకెను అలాగే కోడ్‌లో వదిలేశారు.

2001లో విండోస్ ఎక్స్‌పీ కొత్త థీమ్‌తో టైటిల్ బార్ మందమైంది. బయటి కొలత మారలేదు కాబట్టి కోత పడింది లోపలి చోటుకే, అడుగున ఉన్న బటన్లకే. ఇక స్క్రీన్ సెట్టింగ్ 96 డీపీఐ (అంగుళానికి చుక్కలు) నుంచి 120కి మార్చినవాళ్ల దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం. పిక్సెల్స్‌లో రాసిన కొలతలు అలాగే ఉండిపోయేవి, అక్షరాలు మాత్రం పెరిగేవి.

తెలుగు లేబుళ్లకు ఈ దెబ్బ ఇంకాస్త గట్టిగా తగిలింది. ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాక ఫారాల మీద తెలుగు పెట్టడం తేలికైంది. కానీ ఇంగ్లిష్ అక్షరాల ఎత్తుకు గీసిన లేబుల్‌లో 'రిజిస్ట్రేషన్' అని రాస్తే కింది వత్తులు తెగిపోతాయి. గుడిదీర్ఘాలు పైన, వత్తులు కింద ఉండే లిపికి ఇంగ్లిష్ లైన్ ఎత్తు చాలదు. ఫాంట్ తగ్గించి సర్దుకున్నవాళ్లే ఎక్కువ, నా దృష్టిలో అది మందు కాదు.

అసలు మార్పు 2005లో మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ 2.0తో వచ్చింది. అందులో విండోలు కట్టే భాగమైన విండోస్ ఫారమ్స్‌లో, లోపల ఉన్నదాన్ని బట్టి సైజు మార్చే ఆటోసైజ్, కంట్రోల్స్‌ను వరుసగా సర్దే టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్, ఫ్లోలేఅవుట్‌ప్యానెల్ చేరాయి. సైజు ప్రాపర్టీ బదులు క్లయింట్‌సైజ్‌కు విలువ ఇస్తే అంచుల లెక్క సిస్టమే చూసుకుంటుంది. ఇక్కడ తరచూ పొరపడే చోటు ఒకటుంది: ఫారం ఆటోసైజ్ మోడ్ డిఫాల్ట్‌గా పెరగడానికే ఒప్పుకుంటుంది. తగ్గాలంటే గ్రోఅండ్‌ష్రింక్ పెట్టాలి. మరుసటి ఏడాది వచ్చిన మైక్రోసాఫ్ట్ టూల్‌కిట్ డబ్ల్యూపీఎఫ్‌లో, విండోను లోపలి సరుకుకు సరిపెట్టే సైజ్‌టుకంటెంట్ ఉంది. యూజర్ ఒకసారి విండోను చేత్తో లాగితే అది మాన్యువల్‌కు మారిపోతుంది. మంచి మర్యాదే, యూజర్ మాటే చెల్లాలి కదా!

2013లో విండోస్ 8.1 ఒక్కో మానిటర్‌కు ఒక్కో స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు పెంచి చూపే నిష్పత్తి) అనుమతించాక పాత తలనొప్పి మళ్లీ మొదలైంది. ల్యాప్‌టాప్ నుంచి పెద్ద మానిటర్‌కు విండోను లాగితే సగం దారిలో అంచుల మందమే మారుతుంది. అందుకే డీపీఐ విలువ కూడా అడిగే కొత్త అడ్జస్ట్ ఫంక్షన్‌ను విండోస్ 10లో ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పటికీ తేలిగ్గా తెగని ముడి ఒకటి ఉంది. పొడవాటి పేరా ఉన్న లేబుల్‌ను 'నీకెంత చోటు కావాలి' అని అడిగితే, వెడల్పుకు హద్దు లేనప్పుడు అంతా ఒకే లైన్‌లో పరుచుకుంటానంటుంది. దాంతో విండో స్క్రీన్ దాటిపోతుంది. ఎత్తు వెడల్పును బట్టి మారుతుంది కాబట్టి ముందు వెడల్పుకు పరిమితి పెట్టి, ఆ తర్వాతే ఎత్తు అడగాలి. 2011లో వచ్చిన జీటీకే 3 అనే టూల్‌కిట్ ఈ ప్రశ్నోత్తరాన్ని తనలోనే పెట్టుకుంది. విండోస్ ఫారమ్స్‌లో మాత్రం లేబుల్‌కు మాగ్జిమమ్‌సైజ్‌లో వెడల్పు మనమే ఇవ్వాలి, ఎత్తు దగ్గర సున్నా వదిలేయాలి.