జాజ్ వైబ్రాఫోన్: అపోహలు - వాస్తవాలు

జాజ్ వైబ్రాఫోన్ వాయించడం, నేర్పించడం నా వృత్తి. లోహపు పలకలను మాలెట్లతో, అంటే ఉండలాంటి తల ఉన్న పుల్లలతో, కొట్టి వాయించే వాద్యమిది. ఈ వాద్యం గురించి మనవాళ్లు తరచూ అనే మాటలకు నా జవాబులివి.

అపోహ: స్టేజీ మీద అవకాశాలు రానివాళ్లే టీచర్లవుతారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. వైబ్రాఫోన్ విద్వాంసుడు గ్యారీ బర్టన్‌ను చూడండి. 1943లో అమెరికాలోని ఇండియానాలో పుట్టారు. 1960ల మధ్యలో శాక్సోఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్ బృందంలో వాయించి, 1967లో సొంత క్వార్టెట్ (నలుగురి బృందం) పెట్టారు. అంత పేరొచ్చాకే, 1971లో, బోస్టన్‌లోని బెర్క్లీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 2004 దాకా అక్కడే ఉన్నారు. ఆ ముప్పై ఏళ్లూ కచేరీలు ఆపలేదు, రికార్డింగులూ ఆపలేదు. గిటారిస్టు పాట్ మెథినీ కుర్రవాడిగా ఆయన బృందంలో వాయించినవాడే. నా అనుభవమూ అదే: చేతికి అలవాటైపోయిన పనిని శిష్యుడికి విడమరిచి చెప్పాల్సి వచ్చినప్పుడే అది నాకు పూర్తిగా అర్థమవుతుంది.

అపోహ: ఇది జైలోఫోనే కదా!

కాదు. జైలోఫోన్‌వి చెక్క పలకలు, నాదం వెంటనే ఆగిపోతుంది. వైబ్రాఫోన్‌వి అల్యూమినియం పలకలు, మామూలుగా మూడు ఆక్టేవ్‌లకు (స్థాయిలకు) 37 ఉంటాయి. పెడల్ తొక్కితే నాదం సాగుతూనే ఉంటుంది.

అపోహ: కొట్టడం వస్తే చాలు.

అసలు కష్టమంతా ఆపడంలో ఉంది. పెడల్ తొక్కి వరుసగా నాలుగు స్వరాలు వాయిస్తే అన్నీ కలిసిపోయి గోలగా వినిపిస్తాయి. అలాగని పెడల్ వదిలితే అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. అందుకే కొత్త స్వరం కొట్టే క్షణంలోనే ఇంకో మాలెట్‌ను పాత పలక మీద మెత్తగా అదుముతాం. ఇక్కడ తొందరపడిన శిష్యులకు తర్వాత ఎంత వేగం వచ్చినా పలుకు శుభ్రంగా రాదు. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను.

అపోహ: నాలుగు మాలెట్లు పట్టకపోతే జాజ్ రాదు.

పేరున్న వైబ్రాఫోన్ వాద్యకారుడు మిల్ట్ జాక్సన్ రెండు మాలెట్లతోనే వాయించారు. ఆయన బ్లూస్ విన్నాక ఈ ప్రశ్నే రాదు. నాలుగుంటే పియానోలా కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) పలికించవచ్చు, అంతే.

అపోహ: మోటార్ లేకపోతే వైబ్రాఫోన్ కాదు.

పలకల కింద ఉండే గొట్టాల పైభాగంలో రేకులను తిప్పి, నాదంలో కంపనం తెప్పించేదే ఆ మోటార్. జాక్సన్ దాన్ని నెమ్మదిగా తిప్పేవారు, బర్టన్ ఎక్కువగా ఆపేసే వాయించారు. అది వాయించేవాళ్ల అభిరుచి.

అపోహ: ఇంప్రొవైజేషన్ అంటే తోచింది వాయించడం.

మనోధర్మానికి రాగజ్ఞానం ఎంత అవసరమో, జాజ్‌లో పాట బాణీ, కార్డుల వరుస తెలియడం అంత అవసరం. మా క్లాసులో ముందు పాటను గొంతుతో పాడాలి. తర్వాత ఒక్కో కార్డులోని స్వరాలను విడివిడిగా వాయించాలి. సోలో ఆ తర్వాతే. మొదటి నెలల్లో చాలామంది విసుక్కుంటారు, అయినా ఈ వరుస మార్చను.