కాకతీయుల విస్తరిలో ఎండుమిరపకాయ

పదమూడవ శతాబ్దపు రాజు భోజనానికి కూర్చుంటాడు. విస్తరిలో ఎర్రటి ఆవకాయ, టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు. ఇలాంటి దృశ్యం మన టీవీ చారిత్రక ధారావాహికలకు కొత్త కాదు. కిరీటాల మీదా కత్తుల మీదా చూపే శ్రద్ధ వంటకాల దగ్గరికి వచ్చేసరికి సడలిపోతుంది.

మిరప, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి, మొక్కజొన్న, జామ, బొప్పాయి అన్నీ అమెరికా ఖండాల మొక్కలు. 1492లో కొలంబస్ అటు చేరాడు, 1498లో వాస్కో డ గామా కాలికట్‌లో దిగాడు. ఆ తరువాతే పోర్చుగీసు ఓడల్లో మిరప పశ్చిమ తీరానికి వచ్చి, మెల్లగా లోపలి ప్రాంతాలకు పాకింది. టమాటా, బంగాళాదుంప మన వంటింట్లో కుదురుకున్నది ఆంగ్లేయుల కాలంలో.

అంతకు ముందు మన కారం ఏమిటి? మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు. ఇందుకు సాక్ష్యం మన సాహిత్యంలోనే ఉంది. 1509 నుంచి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చలికాలపు విందును వర్ణిస్తూ మిరియాల పొడి చల్లిన కూరలనూ, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్లనూ వడ్డించాడు. మిరపను విస్తరిలో పెట్టినప్పుడల్లా ఈ వంటిల్లు మరుగున పడిపోతోంది. నా బాధ అదే.

ఆ రాయలే గజపతులపై దండయాత్రలో 1516లో సింహాచలం వచ్చాడు. ఆ ఘట్టాన్ని తీసేవారు స్వామికి పులిహోర నివేదన చూపాలనుకుంటే బియ్యం, చింతపండు, పసుపు, ఆవాలు, ఇంగువ, కరివేపాకు నిక్షేపంగా వాడుకోవచ్చు. ఎండుమిరపకాయలు, వేరుశనగ గింజలు, జీడిపప్పు మాత్రం తీసేయాలి. మిరియాలు దంచి వేస్తే సరిపోతుంది. పూరీ జగన్నాథుని వంటశాలలో నేటికీ మిరపకాయ, టమాటా, బంగాళాదుంప వాడరు. చాలా ఇళ్లలో తద్దినం వంటకు కారం మిరియాలదే. కళాదర్శకులు ఆ వంట చేసే పెద్దలను అడిగినా సగం తప్పులు పోతాయి.

ఇడ్లీ విషయమూ అంతే, నేటి రూపాన్ని పాత కాలానికి అంటగట్టలేం. 1130 ప్రాంతంలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమనే సంస్కృత గ్రంథంలో అది మినపపిండి వంటకం, అందులో బియ్యపు ఊసే లేదు.

ఈ అలవాటు తెరకు పాతదే. 1957 నాటి మాయాబజార్‌లో పెళ్లివంటల్లో జిలేబీ కూడా ఉంది. పశ్చిమాసియా నుంచి వచ్చిన ఆ మిఠాయి 15వ శతాబ్దానికి గానీ మన దేశపు పుస్తకాల్లో కనబడదు. కానీ అది పురాణ కల్పన. ఘటోత్కచుడి ముందు ఏ పిండివంట ఉన్నా ఆక్షేపణ లేదు. తెర మీద సంవత్సరం వేసి ఇది చరిత్ర అని చెప్పే ధారావాహికలకు ఆ మినహాయింపు ఇవ్వలేం. రోజువారీ ప్రసారం వల్ల వ్యవధి తక్కువన్నది నిజమే. ఆ పూట బజారులో దొరికిన కూరలే సెట్‌కు చేరతాయి, ఎరుపు రంగు కెమెరాకు బాగా ఆనుతుంది కూడా. అయినా మిరియాలూ ఆవాలూ విశాఖ పూర్ణా మార్కెట్‌లో దొరకని సరుకులేమీ కావు.

అన్ని కథలకూ ఒకే కొలత పనికిరాదు. 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని తీస్తే మిరపకాయ ఉండవచ్చు, టమాటా ఉండకూడదు. 1922–24 నాటి అల్లూరి పోరాటానికి వచ్చేసరికి పేచీ టీతోనే. 1830లలో అస్సాంలో తోటల సాగు మొదలైనా, చాలాకాలం ఆ టీ విదేశాలకే వెళ్లింది. దేశంలో అలవాటు చేయడానికి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వ్యాపారులు పనిగట్టుకుని ప్రచారం చేయవలసి వచ్చింది. కాబట్టి మన్యంలో ఒక కొండ గుడిసెకు అతిథి వస్తే చేతికి టీ గ్లాసు ఇవ్వడం కంటే చోడి (రాగి) అంబలి ముంత ఇవ్వడమే ఆ కాలానికి నప్పుతుంది.