కాఫీ రైతుకు ‘ఇంతకు తగ్గదు’ అన్న మాట ఎలా దక్కింది

మా ప్రకాశం జిల్లాలోని కొండపి, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల్లో బేళ్ల పక్కన నిలబడ్డ రైతును చూసినవాళ్లకు ఈ కథ తేలిగ్గా అర్థమవుతుంది. బేలు ముందుకు బయ్యర్లు వచ్చి ఆగుతారు, ఆకు పట్టుకుని చూస్తారు, ధర పలుకుతారు. కొన్ని నిమిషాల్లో ఏడాది కష్టం తేలిపోతుంది. ఎవరూ పాడకపోతే ‘నోబిడ్’. ఆ బేలును మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. మా ప్రాంతంలో కాఫీ తోటలు లేవు. కానీ కాఫీ రైతు ఎదుర్కొన్న ప్రశ్నా ఇదే: పంట నాది, ధర చెప్పేది ఎవరు?

ఒకప్పుడు కాఫీకి ప్రపంచం మొత్తం మీద ఒక కట్టుబాటు ఉండేది. 1962లో పండించే దేశాలూ తాగే దేశాలూ కలిసి అంతర్జాతీయ కాఫీ ఒప్పందం రాసుకున్నాయి. ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టారు. ధర పడిపోతే కోటా తగ్గించేవారు, మరీ పెరిగితే సడలించేవారు. 1980ల్లో పౌను కాఫీ (సుమారు 454 గ్రాములు) 1.20 నుంచి 1.40 డాలర్ల మధ్య ఉండాలన్నది లక్ష్యం. 1989 జులైలో దేశాల మధ్య పొత్తు కుదరక కోటాలు రద్దయ్యాయి. కొద్ది నెలల్లోనే ధర కుప్పకూలింది. ఆ తర్వాత వియత్నాం పెద్ద ఎత్తున రోబస్టా రకం కాఫీ పండించడం మొదలుపెట్టింది, బ్రెజిల్ దిగుబడీ పెరిగింది. 2001 నాటికి అరాబికా రకం కాఫీ పౌను 50 సెంట్ల కిందికి పోయింది. కోత కూలి కూడా రాని ధర అది. మధ్య అమెరికాలో ఎందరో తోటలు వదిలి ఊళ్లు విడిచారు.

కోటాలు పోకముందే, 1988లో, నెదర్లాండ్స్‌లో ఒక చిన్న ప్రయత్నం మొదలైంది. మెక్సికోలోని వహాకా కొండల్లో పనిచేస్తున్న ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్ అనే డచ్ క్రైస్తవ ఫాదర్, ‘సాలిడారిడాడ్’ అనే డచ్ స్వచ్ఛంద సంస్థకు చెందిన నికో రోజెన్ కలిసి ‘మాక్స్ హావెలార్’ అనే గుర్తు తెచ్చారు. ఆ కొండల్లోని స్థానిక తెగల రైతుల సహకార సంఘం కాఫీని, ఆ గుర్తు వేసి మామూలు సూపర్ మార్కెట్లలో అమ్మించడం వాళ్ల ఆలోచన. సాయం చేయండని రైతులు అడగలేదు, సరైన ధరకు కొనండన్నారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చేది ఈ తేడానే. తర్వాత వేరే దేశాల్లోనూ ఇలాంటి గుర్తులు పుట్టాయి. 1997లో అవన్నీ కలిసి ఒకే అంతర్జాతీయ సంస్థ అయ్యాయి. మనం ఇప్పుడు ఫెయిర్‌ట్రేడ్ అంటున్నది అదే.

దాని పద్ధతి కష్టమైనదేమీ కాదు. కనీస ధర ఒకటి ముందే ఖాయంగా ఉంటుంది. మార్కెట్ ధర అంతకు పైన ఉంటే మార్కెట్ ధరే ఇవ్వాలి. 2023 ఆగస్టులో అమల్లోకి వచ్చిన కనీస ధర, గుజ్జు తీసి కడిగిన అరాబికాకు పౌనుకు 1.80 డాలర్లు, అంటే కిలోకు దాదాపు 4 డాలర్లు. ఆ పైన పౌనుకు 20 సెంట్ల ప్రీమియం. ఆ డబ్బుతో గోదాము కట్టాలా, రోడ్డు వేయాలా, కాఫీ పండ్ల గుజ్జు తీసే పల్పింగ్ మిషను కొనాలా అన్నది సంఘం సభ్యులే కూర్చుని తీర్మానిస్తారు. ఇంకో ముఖ్యమైన నిబంధన అడ్వాన్స్. సంఘం అడిగితే కొనుగోలుదారు ఒప్పందం విలువలో 60 శాతం వరకు ముందుగా సర్దాలి. పంటకు ముందే షావుకారు దగ్గర అప్పు చేసి, ఆ అప్పు కింద పంటంతా అతనికే తూచిన కుటుంబాలు మన జిల్లాలోనూ ఉన్నాయి. ఆ ముడి విప్పడానికి కనీస ధర కంటే ఈ అడ్వాన్సే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

కొనే కంపెనీకీ లాభమే. ధర పడిపోయిన ఏడు తోట పీకేయని రైతే వచ్చే ఏడూ సరుకిస్తాడు. గింజ ఏ సంఘం నుంచి వచ్చిందో తెలుస్తుంది, నాణ్యత గురించి నేరుగా మాట్లాడుకోవచ్చు.

లోపాలూ చెప్పాలి. ఆ కనీస ధర రేవులో ఓడకెక్కించేటప్పటిది. ప్రాసెసింగ్, రవాణా, సంఘం ఖర్చులు పోగా మిగిలిందే రైతు చేతికొస్తుంది. సర్టిఫికెట్‌కు ఫీజులున్నాయి. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన పంటంతా ఆ ధరకు అమ్ముడుపోదు, కొనేవాళ్లు దొరకని మిగతా సరుకు మామూలు మార్కెట్‌కే పోతుంది. సంఘంలో భూమి ఉన్నవాడికి దక్కింది, కోతకు వచ్చిన కూలీకి అంతగా దక్కదు.

మన దేశంలో దారి వేరు. 1942 కాఫీ చట్టం తర్వాత కాఫీనంతా కాఫీ బోర్డే సేకరించి అమ్మేది. 1990ల మధ్యకు ఆ పద్ధతి ఎత్తేశారు, రైతు నేరుగా మార్కెట్లోకి వచ్చాడు. మన పొగాకుకు జరిగింది దీనికి తలకిందులు. వ్యాపారి గుమ్మం దగ్గర తెగే బేరం పోయి, 1985లో ఆంధ్రప్రదేశ్‌లో పొగాకు బోర్డు వేలం వచ్చింది. అయినా వేలంలో పోటీ ఉన్నంతవరకే ధర. 2015లో ధరలు పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతుల ఆత్మహత్యలు చూశాం. 2020లో ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దించాల్సి వచ్చింది.

మన రాష్ట్రంలో కాఫీ అంటే అరకు, పాడేరు కొండలు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య గిరిజన కుటుంబాలు ఎకరా, రెండెకరాల్లో పండిస్తాయి. వాళ్లకు మొదటి అండ 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ. తర్వాత నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులను సంఘంగా కూర్చి నాణ్యత మీద పనిచేసింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు, 2019లో ఆ ప్రాంతపు కాఫీకే ఆ పేరు చెల్లేలా భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది.

2025 ఫిబ్రవరిలో అరాబికా పౌను 4 డాలర్లు దాటింది. అలాంటప్పుడు కనీస ధర ఎవరికీ గుర్తుండదు. ఎక్కువిచ్చే బయటి వ్యాపారికి రైతు అమ్మేస్తే సంఘం ఒప్పందం తప్పాల్సి వస్తుంది. దాని విలువ తెలిసేది ధర తెలియని నెలల్లోనే. మా దగ్గర పొగాకు నారు పోసిన రోజు నుంచి వేలం గంట మోగేదాకా ఆరేడు నెలలు. ఈలోగా కౌలు కట్టాలి, ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్‌కు పుల్లలు కొనాలి, కూలీలకివ్వాలి. శనగ వేసినవాళ్లు ధర కోసం శీతల గిడ్డంగుల్లో బస్తాలు ఏళ్ల తరబడి పెట్టుకున్నారు. ఆ నెలలన్నీ రైతు ధర తెలియకుండానే ఖర్చుపెడుతున్నాడు.